పొలం పక్కన ఇల్లు: ఎలుకలు, చెదలు, పురుగులను పంట క్యాలెండర్ చూసి ఆపే పద్ధతి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి చుట్టుపక్కల ఊళ్లలో వరి మడికీ వంటింటికీ మధ్య చాలాచోట్ల ఒక్క సిమెంటు రోడ్డే అడ్డు. విశాఖ నగరం మధ్యలోని అపార్టుమెంటుకు పనికొచ్చే చిట్కాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి. అక్కడ బొద్దింక పై అంతస్తు నుంచో డ్రైనేజీ నుంచో వస్తుంది. ఇక్కడ ఎలుక చేను నుంచి వస్తుంది, ఎలుక వెనకాలే పాము వస్తుంది. ఏది ఏ నెలలో గడప తొక్కుతుందో ముందే తెలుసు కాబట్టి, అది రాకముందే పని ముగించడం కుదురుతుంది.

జూన్‌లో తొలకరి పడగానే ఉసిళ్లు లేస్తాయి. అంటే నేలలో చెదల పుట్ట ముదిరిందని అర్థం. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, గుంటల్లో నీళ్లు, దోమలు. అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రం దీపం వెలిగించగానే దీపపు పురుగులు గుంపులుగా వాలతాయి. నవంబరు, డిసెంబరుల్లో కోతలు పడతాయి, కళ్లం లేచిపోతుంది, మడిలో తిండి అయిపోతుంది. ఏడాదిలో ఎలుకలు ఇళ్ల మీద పడేది అప్పుడే. సంక్రాంతికి కొత్త బియ్యం, మినుములు ఇంటికొస్తాయి, వాటితోపాటే పుచ్చుపురుగు గుడ్లూ వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నేల ఆరి ఉంటుంది, చెదల మందుకు అదే అదను.

ఎలుక ఇంట్లో దూరాక మందు కొనడం ఆలస్యమైన పని. అక్టోబరులో సందులు మూసిన ఇంటికి డిసెంబరులో పెద్దగా ఖర్చుండదు.

మొదట టార్చి పట్టుకుని ఒక చుట్టు

ఏ మందూ కొనకముందు రాత్రి ఎనిమిది దాటాక టార్చి, సుద్దముక్క, పెన్సిలు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి, లోపల ఒకసారి తిరగండి. పెన్సిలు కొలబద్దగా పనికొస్తుంది. అది దూరే సందులోంచి చిట్టెలుక దూరుతుంది, ఎందుకంటే దానికి 6 మిల్లీమీటర్లు చాలు. నల్ల ఎలుకకు 12 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలు పట్టేంత సందు కావాలి. సందు కనిపించిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. తలుపుల అడుగు, గ్యాసు గొట్టం గోడలోకి వెళ్లే చోటు, బాత్రూం తూము, ఏసీ గొట్టం రంధ్రం, పెంకుటింట్లో గోడ తలకూ చూరుకూ మధ్య ఖాళీ, రేకుల ఇంట్లో రేకు వంపుల కింద ఖాళీలు. ఎక్కువమంది మర్చిపోయేవి ఆఖరి రెండూ.

రెట్టలు చూస్తే వచ్చిందెవరో తెలుస్తుంది. బియ్యపు గింజంత, 3 నుంచి 6 మిల్లీమీటర్లుంటే చిట్టెలుక. అర అంగుళం పైగా ఉంటే ఎలుక. పెరట్లో బొరియ, దాని నోటి దగ్గర పొడి మట్టి కుప్పగా పోసి ఉంటే పందికొక్కు. మూతి సాగి, ఘాటైన వాసన కొడుతూ, గోడ వారనే కీచుకీచుమంటూ పరుగెత్తేది చుంచు. అది అసలు ఎలుక జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తింటుంది, బియ్యం బస్తా కొరకదు. దాని కోసం మందు పెట్టక్కర్లేదు, తలుపు కింద సందు మూస్తే చాలు.

ఎలుకలు: లోపల బోను, బయట మందు, ఆఖరున సిమెంటు

ఈ వరస తప్పితే పని చెడుతుంది. ముందే సందులన్నీ మూసేస్తే లోపలున్నవి తలుపు చెక్కనో కరెంటు తీగనో కొరికి దారి చేసుకుంటాయి. లోపల మందు పెడితే అటక మీదో బీరువా వెనకో చచ్చి, రెండు వారాలు కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. అందుకే ఇంట్లో బోనులు, ఇంటి బయట మందు.

ముందు తిండి ఎత్తేయాలి. బియ్యం, పప్పులు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లోకో డ్రమ్ముల్లోకో పోయండి. ప్లాస్టిక్ డబ్బాను నల్ల ఎలుక ఒక్క రాత్రిలో కొరుకుతుంది. కోళ్ల దాణా, కుక్కకు పెట్టిన అన్నం రాత్రి బయట ఉంచకండి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన ఎర పెట్టినా ఎలుక మీ బస్తా వైపే పోతుంది.

బోనుల్లో చెక్క పలక మీద స్ప్రింగు ఉన్న పాతరకమే ఇప్పటికీ మేలు. రెండు గదుల ఇంటికి కనీసం 8 కావాలి. ఒకటీ రెండూ పెట్టి పది రోజులు చూడటంకన్నా, ఎనిమిదీ ఒకే రాత్రి పెట్టడం చాలా మేలు. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం. అందుకని మొదటి మూడు రాత్రులు స్ప్రింగు బిగించకుండా ఎర మాత్రమే పెట్టండి. అది అలవాటు పడి తింటుంది. నాలుగో రాత్రి అన్నీ బిగించండి. బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడకు తగిలేలా పెట్టాలి, ఎందుకంటే ఎలుక మీసాలు గోడకు రాసుకుంటూ నడుస్తుంది. గది మధ్యలో పెట్టిన బోను దండగ. ఎర శనగగింజంత ఉంటే చాలు, ఎక్కువైతే స్ప్రింగు పడకుండా కొసరి తినేసి పోతుంది. చూరులో తిరిగే నల్ల ఎలుకకు నిప్పు మీద కాస్త కాల్చిన కొబ్బరి ముక్క, నేల మీద తిరిగేదానికి ఎండుచేప ముక్క బాగా పనిచేస్తాయి. ఎరను దారంతో కట్టేస్తే లాగే ప్రయత్నంలో స్ప్రింగు పడుతుంది. చిట్టెలుకకు ఈ భయం లేదు, మొదటి రాత్రే బిగించొచ్చు, బోనులు మాత్రం 2, 3 మీటర్లకొకటి పెట్టాలి.

జిగురు అట్టలు చాలామంది వాడుతున్నారు. దుమ్ము పడితే రెండు రోజుల్లో జిగురు చస్తుంది, పైగా బల్లులు, పిచ్చుకలు అంటుకుంటాయి. ఎలుక బతికుండగానే గంటల తరబడి కొట్టుకుంటుంది. బోను దొరుకుతున్నప్పుడు వీటి అవసరం లేదు.

ఇంటి బయట వాడదగిన మందు బ్రోమడయోలోన్ 0.005 శాతం బిళ్ల. సిద్ధంగా దొరుకుతుంది. దీన్ని విడిగా పడేయకూడదు. 3 అంగుళాల పీవీసీ గొట్టాన్ని అడుగు పొడవు ముక్కలుగా కోసి, బిళ్లను తీగతో గొట్టం నడుమ బిగించి, గోడ వారన 5 నుంచి 10 మీటర్లకొక గొట్టం పెట్టండి. పందికొక్కు ఉన్నచోట 4 అంగుళాల గొట్టం కావాలి. గొట్టంలో ఉంటే వాన తగలదు, కోడి పొడవదు, పిల్లల చేతికి అందదు. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది కాబట్టి తిన్న ఎలుక వెంటనే చావదు, 4 రోజుల నుంచి వారం పడుతుంది. తోటి ఎలుకలకు అనుమానం రాకపోవడానికి కారణం కూడా ఇదే. మూడో రోజుకే "మందు పనిచేయలేదు" అని గొట్టాలు ఎత్తేయడం అందరూ చేసే పొరపాటు. రెండు వారాలు ఉంచి, తగ్గిన బిళ్లను మళ్లీ నింపండి. రోజూ పొద్దున్నే పెరడంతా చూసి, చచ్చిన ఎలుకను చేతికి కవరు తొడుక్కుని తీసి రెండడుగుల లోతున పాతిపెట్టండి. పిల్లి, కుక్క, గుడ్లగూబ దాన్ని తింటే వాటికీ విషమే.

పందికొక్కులకు ఊళ్లో రైతులు చేసే పద్ధతే పెరట్లోనూ నడుస్తుంది. సాయంత్రం కనిపించిన బొరియలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారి తెరుచుకున్నవే బతికున్న బొరియలు. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల వంటనూనె, 2 పాళ్ల 0.25 శాతం బ్రోమడయోలోన్ పొడి కలిపి, 10 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి ఒక్కో బొరియలో లోపలికంటా వేయండి. కిలో ఎర కావాలంటే నూకలు 960 గ్రాములు, నూనె 20, మందు 20. చేతికి తొడుగు లేకుండా కలపొద్దు, వంటింటి గిన్నె అసలే వాడొద్దు. వారం తర్వాత మళ్లీ మూసి చూడండి. ఈ పని వరి పొట్ట దశకు రాకముందు చేస్తే ఎర బాగా తింటాయి. గింజ పాలు పోసుకున్నాక చేలోనే కమ్మటి తిండి ఉంటుంది, మీ నూకలను ముట్టవు.

ఒక్క ఇల్లే చేస్తే పక్కింటి గడ్డిమేటులోంచి నెల తిరగకుండా కొత్తవి వస్తాయి. వీధి మొత్తం ఒకే రోజు చేయాలి. మండల వ్యవసాయ శాఖవారు సామూహిక ఎలుకల నివారణ పెట్టే తేదీ రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకుని, అదే రోజు ఇళ్లలో కూడా మొదలుపెడితే చేను, ఊరు ఒకేసారి సర్దుకుంటాయి.

బోనులు వారం రోజులు ఖాళీగా మిగిలాక సిమెంటు పని. పాళ్లు 1:3, అందులో పగిలిన గాజుపెంకులు కలపండి. గుడ్డలు, కాగితం, డబ్బాలోంచి చిమ్మే నురుగు, ఒట్టి మట్టి, ఇవేవీ ఎలుక పళ్లకు ఆగవు. పందికొక్కుతో ఒక చిక్కుంది, పచ్చి సిమెంటును ఆ రాత్రే తోడేస్తుంది. పూత పెట్టిన చోట రెండు రాత్రులు బరువైన రాయి అడ్డం పెట్టి, వారం రోజులు తడపండి. గాలి ఆడాల్సిన చోట 6 మిల్లీమీటర్లకన్నా చిన్న గడి ఉన్న వెల్డ్ మెష్ బిగించాలి. మామూలు దోమతెరను కొరికేస్తుంది. భీమిలి, తగరపువలస వైపు సముద్రపు గాలికి జీఐ (జింకు పూసిన ఇనుప) మెష్ కొన్నేళ్లకే తుప్పు పట్టి రాలిపోతుంది. ఖరీదెక్కువైనా అక్కడ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ మెష్ వేయండి. చెక్క తలుపు అడుగున 24 గేజీ జీఐ రేకు పట్టీ కొట్టి, కింద సందు 6 మిల్లీమీటర్లకన్నా తక్కువ ఉండేలా చూడండి. ఉత్త రబ్బరు పట్టీ పురుగును ఆపుతుంది, ఎలుకను ఆపదు.

పునాది పక్కనే పందికొక్కు తవ్వే అలవాటుంటే గోడ వెంట అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీసి 20 మిల్లీమీటర్ల కంకరతో నింపండి. కంకరలో బొరియ నిలవదు, తవ్విన కొద్దీ కూలుతుంది. ఇంటి మీదికి వాలిన కొమ్మలకు, చూరుకు మధ్య కనీసం మీటరు ఖాళీ ఉంచాలి. కొబ్బరిచెట్టుకు మనిషెత్తుకు పైన, రెండు మీటర్ల దగ్గర, అడుగున్నర వెడల్పు నున్నటి రేకు చుట్టండి. పక్క చెట్టు మట్ట తగులుతుంటే మాత్రం ఈ రేకు వల్ల లాభం లేదు.

రెట్టలు ఊడ్చే ముందు లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లి పది నిమిషాలు నాననివ్వండి. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాళ్లకు పగుళ్లున్నవారు నీళ్లు నిలిచిన పెరట్లో చెప్పుల్లేకుండా తిరగడం దానికి తేలిక దారి.

చెదలు: లీటర్ల లెక్క తప్పితే డబ్బు నేలపాలు

గోడ మీది మట్టి సొరంగాన్ని చీపురుతో దులిపి, పైన కిరోసిన్ పూసి ఊరుకుంటే చెదలు ఇంకో మూల నుంచి వస్తాయి. పుట్ట నేలలో ఉంటుంది, గోడ మీద కనిపించేవి కూలి చేసేవి మాత్రమే. ముందు అవి బతికున్నాయో లేదో తేల్చుకోండి. సొరంగం నడుమ అంగుళం మేర గీరి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తిరిగి పూడితే బతికున్నట్టే. చెక్క నుంచి మెత్తటి పిండి రాలుతుంటే అది చెదలు కాదు, చెక్క తొలిచే పురుగు. చెదలు మట్టి తెస్తాయి, పిండి రాల్చవు. కిటికీలు మూసున్న గదిలో ఉసిళ్ల రెక్కలు కుప్పగా కనిపిస్తే పుట్ట ఇంటి కిందే ఉండొచ్చు. అప్పుడు గది లోపల కూడా మందు పోయాల్సిందే.

కట్టిన ఇంటికి చెదల మందు ఎలా వేయాలో భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెబుతుంది. మనిషిని పెట్టుకున్నా, మీరే చేసుకున్నా లెక్క అదే.

మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ (నీళ్లలో కలిపే చిక్కటి ద్రవం) అయితే లీటరు నీటికి 2.1 మి.లీ. క్లోరిపైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్లలో పాలలా కలిసే ద్రవం) అయితే ఒక పాలు మందుకు 19 పాళ్ల నీళ్లు, అంటే లీటరు ద్రావణంలో 50 మి.లీ. రెండోది చవక, కానీ వాసన వారాల తరబడి వదలదు. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో మొదటిదే వాడండి. సీసా మీద ఉన్న మోతాదు వేరుగా ఉంటే సీసా మాటే వినండి.

బయటి గోడ వెంట, గోడను ఆనుకుని, పారతో చిన్న కాలువ తీయండి. అందులో 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వతో ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక పోటు పొడవండి, మందు అడుగు లోతు దాకా దిగడానికి. మీటరు పొడవుకు 1.75 లీటర్లు గోడ వైపు పోయండి. తవ్విన మట్టిని తిరిగి నింపుతూ ఆ మట్టిలో మరో అర లీటరు. మొత్తం మీటరుకు 2.25 లీటర్లు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న ఇంటి చుట్టుకొలత 140 అడుగులు, అంటే సుమారు 43 మీటర్లు. బయటి గోడకే 97 లీటర్ల ద్రావణం, అందులో ఇమిడాక్లోప్రిడ్ 200 మి.లీ. పైచిలుకు కావాలి. ఒకాయన వచ్చి పది లీటర్ల స్ప్రేయర్‌తో అరగంటలో "అయిపోయింది" అంటే ఆ ఇంటికి పదో వంతు మందు పడిందన్నమాట. చెదలు ఆర్నెల్లకే మళ్లీ కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే, మందు కల్తీ కాదు.

లోపల గోడ, గచ్చు కలిసే మూల వెంట 12 మిల్లీమీటర్ల బిట్టుతో అడుగుకొక రంధ్రం వేసి, ఒక్కోదానిలో లీటరు వరకు, ఇక తాగనంత దాకా పోయాలి. పదికి పన్నెండు గదికి 44 రంధ్రాలు పడతాయి. టైలు మీద కాకుండా టైళ్ల మధ్య అతుకులో వేయించండి. నీళ్ల గొట్టం, కరెంటు పైపు ఎటు పోతున్నాయో ముందే చూపించకపోతే డ్రిల్లు వాటిలోకే దిగుతుంది. పూర్తయ్యాక తెల్ల సిమెంటుతో మూసేయండి. తలుపు ద్వారబంధానికి గోడ తగిలే చోట 6 మిల్లీమీటర్ల రంధ్రం కిందికి వాలుగా వేసి, చెక్కకు వాడే మందు పట్టించాలి.

తడి నేలలో ఈ పని చేయకండి. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో నేల నీరు తాగి ఉంటుంది, మందు దిగదు, పారిపోతుంది. పెరట్లో బావి గోడకు దగ్గరగా ఉంటే ఆ వైపు మందు వద్దు. ఈ మందులు నీటిలోని జీవులకు ప్రాణాంతకం కాబట్టి చెరువు గట్టున ఉన్న ఇల్లయితే గట్టు వైపు కూడా మానండి. మందు పోసిన మట్టిని ఆ తర్వాత తోటపని కోసం తవ్వితే అడ్డుకట్ట తెగినట్టే. గోడ పక్కన కొత్త పూలమొక్క నాటిన చోటే చెదలు తిరిగి లేవడం మామూలు. గోడకు ఆనించిన కట్టెలు, తాటాకులు, పాత అట్టపెట్టెలు ముందు తీసేయండి, అది ఉచితం.

బియ్యం, పప్పులు

ముక్కపురుగు బయటి నుంచి ఎగిరొచ్చి పడేదానికన్నా, బస్తాలోనే గుడ్డుగా వచ్చేదే ఎక్కువ. మినుము, పెసరలో పుచ్చుపురుగు చేలో కాయ మీదే గుడ్డు పెడుతుంది. నెల తిరిగేసరికి గింజకు చిల్లు పడుతుంది. డబ్బా ఎంత బాగా కడిగినా పప్పు పుచ్చడానికి కారణం అదే.

తేమ చూడటానికి పరికరం అక్కర్లేదు. ఎండిన గాజు సీసాలో గుప్పెడు ధాన్యం, రెండు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉంది, ఇంకా ఎండాలి. ధాన్యం, పప్పుగింజలు ఎండలో పోయొచ్చు. మరపట్టిన బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయకండి, గింజ చిట్లి నూకవుతుంది, నీడలో గాలికి ఆరితే చాలు. ఎండిన పప్పుగింజలకు కిలోకు 5 మి.లీ. ఆముదం చేత్తో పట్టించి నిల్వ చేస్తే పురుగు గుడ్డు నిలవదు. ఇంట్లో డీప్ ఫ్రీజరు ఉంటే కిలో రెండు కిలోల పొట్లాలు నాలుగు రోజులు అందులో ఉంచి, తీశాక పొట్లం విప్పకుండానే మామూలు వేడికి రానివ్వండి. వెంటనే విప్పితే చెమ్మ పడుతుంది.

బస్తాలు నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగున్నర ఎడంగా ఉండాలి. పాత గోనెసంచి మళ్లీ వాడాలంటే మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాలి, కుట్లలో గుడ్లు దాగి ఉంటాయి.

బియ్యానికి బోరిక్ పౌడర్ పట్టించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. బోరిక్ ఆమ్లం ఆహారంలో కలపదగినది కాదు. నాలుగుసార్లు కడిగినా కొంత మిగులుతుంది, తినేది పిల్లలు కూడా. పాదరసం బిళ్లలు అంతకన్నా చెడ్డవి. వేపాకు వేస్తే మంచిదే గాని, పూర్తిగా ఎండిన ఆకే వేయాలి. పచ్చి ఆకు తేమ తెచ్చి బూజు పట్టిస్తుంది.

పురుగును చంపడానికి ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి వేరే చెప్పాలి. 3 గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. ఆ వాయువు గది నుంచి గదికి పాకుతుంది, నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణం తీస్తుంది. దీన్ని శిక్షణ ఉన్న ఆపరేటర్లే వాడాలన్నది చట్టం. బస్తాలున్న గదిలోనో, పక్క గదిలోనో మనుషులు పడుకునే ఇంట్లో అది అడుగు పెట్టకూడదు. ఎలుక బొరియల కోసమైనా సరే.

దీపం, తూము, నీటి తొట్టి

వరిలో ఉండే పచ్చదోమ, సుడిదోమ తెల్లటి వెలుగుకు ఎగబడతాయి. వీధి తలుపు మీది తెల్ల బల్బు తీసి పసుపు రంగు ఎల్ఈడీ పెట్టండి. తెల్ల బల్బు కావాలనుకుంటే ఇంటికి పది గజాల అవతల స్తంభానికి తగిలించి, కింద సబ్బు నీళ్ల తొట్టి ఉంచండి. వానల తర్వాత ఇదే గుంపులో చీమలా సన్నగా, నారింజ, నలుపు చారలతో ఉండే పెడెరస్ పురుగు వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద నలిపితే దాని రసానికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఊదేసి, ఆ చోటు సబ్బుతో కడగండి.

పెద్ద ఎర్ర బొద్దింకలు తూము నుంచి, చిన్న గోధుమరంగువి కిరాణా అట్టపెట్టెల్లో వస్తాయి. పెద్దవాటికి నహానీ ట్రాప్‌లో (బాత్రూం తూము కింద నీరు నిలిచే వంపులో) రెండంగుళాల నీరు నిలవాలి. వాడని బాత్రూంలో ఆ నీరు ఆవిరైపోతే దారి తెరుచుకున్నట్టే, వారానికోసారి చెంబుడు నీళ్లు పోయండి. చిన్నవాటికి ఫిప్రోనిల్ 0.05 శాతం జెల్ పెసరగింజంత చుక్కలుగా గ్యాసు పొయ్యి కింద, ఫ్రిజ్ వెనక, అలమర కీళ్ల దగ్గర పెట్టాలి. ఆ చుట్టుపక్కల స్ప్రే కొడితే బొద్దింకలు జెల్ దగ్గరికే రావు. జెల్, స్ప్రే రెండూ కలిపి వాడటమే జెల్ పనిచేయకపోవడానికి అసలు కారణం. మూడు వారాలకు మళ్లీ పెట్టండి, అప్పటికి గుడ్ల తిత్తుల్లోంచి పిల్లలు దిగుతాయి.

చక్కెర చీమలకు 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరాక్స్ కరిగించి, దూది తడిపి దారిలో పెట్టండి. పిల్లలకు అందని చోటే సుమా. బోరాక్స్ ఎక్కువైతే చీమ పుట్ట చేరకముందే దారిలో చస్తుంది, పుట్ట అలాగే ఉంటుంది.

దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం నుంచి పది రోజులు. శుక్రవారం డ్రై డే అన్నది ఈ లెక్క మీదే. తొట్టెలు, కూలర్లు, పశువుల కుడితి గోలెం ఖాళీ చేసి, గోడలను పీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు అంచుకు అంటుకుని ఎండలోనూ నెలల తరబడి బతుకుతాయి కాబట్టి, ఒంపేస్తే సరిపోదు.

పాము వస్తే, రాకుండా ఉండాలంటే

ఎలుక, కప్ప ఉన్నచోటికే పాము వస్తుంది. ఫినాయిలు, గంధకం, వెల్లుల్లి నీళ్లు ఏవీ పామును ఆపవు. గడ్డిమేటును, ఇటుకల కుప్పను ఇంటి గోడకు నాలుగు మీటర్ల అవతలికి జరపడం ఆపుతుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, కాటు కనిపించకపోవచ్చు కూడా. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమ, పాము రెంటి బెడదా పోతుంది. పెరట్లోకి టార్చి లేకుండా వెళ్లకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఏది కరిచినా కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉంటుంది. విశాఖలో పెద్ద దిక్కు కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఇంట్లో దూరిన పామును చంపక, గది తలుపు మూసి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి, అటవీ శాఖకు కబురు పెట్టండి.

మందు డబ్బా మీది త్రిభుజం

పురుగుమందుల డబ్బా మీద అడుగున రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు ఉన్నవి గదుల్లో చల్లకండి. చేలో కొట్టగా మిగిలిన మందును "కొంచెమే కదా" అని వంటింటి మూలల్లో కొట్టడం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఎండలో, గాలిలో, వానలో విరిగిపోయే లెక్కతో చేనుకు చెప్పిన మోతాదు అది. నాలుగు గోడల మధ్య అది నెలల తరబడి నిలుస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలోకి మందు ఒంపి పెట్టడం ఎప్పటికీ వద్దు.

ఎలుకల పేస్టుగా అమ్మిన పసుపు భాస్వరానికి విరుగుడు లేదు. మొదటి రోజు మామూలుగానే కనిపించిన మనిషికి మూడు నాలుగు రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. ఎక్కడైనా పాత ట్యూబు మిగిలి ఉంటే దాన్ని ఇంట్లోంచి తీసేయండి. బ్రోమడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు ఉంది. పిల్లవాడు ఏదైనా నోట్లో పెట్టుకున్నాడనిపిస్తే వాంతి చేయించకుండా, డబ్బా చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. దీన్ని, 108ని మందులు దాచే అలమర తలుపు మీదే రాసి పెట్టండి.

పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిస్తే ముందు కాగితం మీద నాలుగు విషయాలు రాయించుకోండి: మందు పేరు, శాతం, లీటరుకు ఎంత కలుపుతారు, మొత్తం ఎన్ని లీటర్లు పోస్తారు. లైసెన్సు కాగితం చూపించమనండి. సీలు తీయని సీసా మీ కళ్లముందే విప్పి, మీ బకెట్‌లోనే కలపమనండి. ఎన్ని లీటర్లన్న ప్రశ్నకు "అది మాకు వదిలేయండి సార్" అన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.